వంకర అంచు

ఫిబ్రవరి 4

మగ్గానికి పడుగు ఎక్కించడం ముగిసింది. కళ్ళు మూసుకుని పోగులన్నిటినీ అరచేత్తో తడిమి చూశాను. అన్నీ ఒకే బిగువులో ఉన్నాయి. రేపటి నుంచి నేత.

కొత్త రైల్వే స్టేషన్‌లో టికెట్ కౌంటర్ల పైన, గోడ పొడవునా ఒక పట్టీ ఖాళీగా వదిలారు. అక్కడ ఉన్నితో నేసిన బొమ్మ వేలాడాలన్నది ఆర్కిటెక్టు కోరిక. బొమ్మ నాది: ఇళ్ళ కప్పుల మీదికి వాన రావడం. ఎడమ చివర పొడి ఆకాశం, నడుమ మబ్బు, కుడి చివర కుండపోత. బొమ్మను మగ్గం మీద పక్కకు పడుకోబెట్టి, ఎడమ చివర నుంచి నేస్తాను. కింద వరుసలో నిలబడ్డవాళ్ళు కౌంటర్ వైపు జరిగేకొద్దీ వాన వాళ్ళ నెత్తి మీదికి రావాలి.

ఉదయం ఆయన ఫోన్ చేశాడు. "మధ్యమధ్య వచ్చి చూడొచ్చా అండీ?"

"రావచ్చు. చూడ్డానికే ఏమీ ఉండదు," అన్నాను. నేసిందంతా ఎప్పటికప్పుడు కింది దుంగకు చుట్టుకుపోతుందనీ, మధ్యలో విప్పితే పడుగు బిగువు పోతుందనీ, అందుకే కోసి దింపే రోజుదాకా నేసినవాళ్ళు కూడా బొమ్మ మొత్తం చూడరనీ వివరించాను. కట్టడం పూర్తయ్యాక గాని కట్టడాన్ని చూడకూడదంటే తను బతకలేనన్నాడు. నవ్వుకున్నాం.

జబ్బు సంగతి చెప్పలేదు. ఆయన అడగలేదు. షుగర్ ఉన్న తాపీమేస్త్రి గోడ మొదలుపెట్టే ముందు ఆ మాట చెప్పుకుంటాడా?

ఫిబ్రవరి 21

చెయ్యి వణుకుతోంది. నా జబ్బుకు వాడే లిథియం మోతాదు పెంచినప్పుడే డాక్టరమ్మ చెప్పింది, ఇలా ఉండొచ్చని. చాలా సన్నని వణుకు. మనుషులకు తెలియదు గాని పోగుకు తెలుస్తుంది.

కింది అంతస్తులో ఉన్నికి రంగులు వేసే పెద్దాయన టీ పట్టుకొచ్చాడు. నా చేతిలో కప్పూ సాసరూ గలగలలాడాయి.

"అమ్మాయ్, టీ తాగుతున్నావా, తాళం వేస్తున్నావా?"

"రెండూనండీ. పాట మీరు ఎత్తుకోండి."

"నేను ఎత్తుకుంటే కిందివాళ్ళు ఇల్లు ఖాళీ చేస్తారు."

"కింద ఉండేది మీరే కదా?"

"అదే చెబుతున్నా."

ఆయన వెళ్ళాక పాత పెట్టె వెతికి, ఇత్తడి మొన ఉన్న బరువైన కండెలు బయటికి తీశాను. పోగు చుట్టుకునే ఈ కర్రముక్కలు నేను కొత్తగా నేర్చుకునే రోజుల్లోవి. బరువుకు చెయ్యి కుదురుకుంది. వణుకు మానలేదు, దానికి బరువు కట్టాను, అంతే.

మార్చి 6

అక్క వచ్చింది. చెప్పులు విప్పీ విప్పకముందే స్నానాలగదిలోకి వెళ్ళింది. అలమార తలుపు చప్పుడైంది.

"మాత్రల డబ్బా దొరికిందా?" అని కేకేశాను.

"సబ్బు కోసం చూస్తున్నానే!"

"సబ్బు కుళాయి పక్కనే ఉంది. అనుమానం ఆరేసుకోవాలంటే తలుపు వెనక కొక్కెం ఉంది."

నవ్వుతూ బయటికొచ్చింది. "అనుమానం కాదే తల్లీ, అలవాటు."

మాత్ర ఏ పూటా మానలేదు. ఇక్కడ అబద్ధం రాస్తే మోసపోయేది నేనొక్కదాన్నే గనక ఇక్కడ కూడా రాస్తున్నాను: మానలేదు.

మార్చి 19

ఈ వారం వెలుతురు అద్భుతంగా ఉంది. కిటికీలోంచి నేరుగా పడుగు మీదికి దిగి, ఏ పోగు దగ్గర ఆగాలో నాకు చెబుతోంది. నెలంతా పట్టాల్సిన మూరెడు నేత వారంలో పూర్తయింది. పొడి ఆకాశం అయిపోయింది, ఇళ్ళ కప్పులు మొదలయ్యాయి. ఒక్కో పెంకూ తన రంగు తనే అడుగుతోంది. ఇన్నాళ్ళూ నేను ఎంత పిరికిగా నేశానో ఇప్పుడు తెలుస్తోంది. ప్రతి వరుసకూ ఆగి, వెనక్కి వంగి, కొలిచి, మళ్ళీ కొలిచి! చేతికి తెలిసినదాన్ని కంటితో ఆమోదింపజేసుకోవడం దేనికి?

పెద్దాయన దగ్గరికి వెళ్ళి బూడిదరంగులు ఇంకా కావాలన్నాను. పావురం మెడలోది, తడిసిన సిమెంటుది, చల్లారిన పొయ్యిలోది, పాత స్టీలు గిన్నె అడుగుది, ఏడ్చి లేచిన కంటి కిందిది.

"ఒక్క వానకు ఇన్ని బూడిదలా?" అన్నాడు.

"ఒక్క వాన అని ఎవరన్నారు?"

నాకేసి కొంచెంసేపు చూసి, "పొద్దున ఏమైనా తిన్నావా?" అన్నాడు. రంగుల గురించి మాట్లాడుతుంటే తిండి గురించి అడుగుతారు మనుషులు.

ఆ గోడ చాలదు. వాన అక్కడితో ఆగడం అబద్ధం. ప్లాట్‌ఫారాల పొడవునా సాగాలి. ఆర్కిటెక్టుకు ఫోన్ చేసి చెప్పాను. ఆలోచిద్దామన్నాడు. సాయంత్రం మళ్ళీ చేశాను. ఎత్తలేదు.

నిద్ర తగ్గింది. పని ఎక్కువైతే ఎవరికైనా తగ్గుతుంది. నేను బాగానే ఉన్నాను.

మార్చి 23

అక్క ఫోన్. "ఏమే, గొంతు అంత పరుగెడుతోందేం? మాత్రలు వేసుకుంటున్నావా?"

వేసుకుంటున్నాను. వేసుకుంటున్నాను. ఎన్నిసార్లు చెప్పాలి? సంతోషంగా ఉంటే మాత్ర మానినట్టు, దిగులుగా ఉంటే మాత్ర మానినట్టు. మాత్ర వేసుకున్న మనిషి ఎలా ఉండాలో వీళ్ళు ఒక బొమ్మ గీసి ఇస్తే అలాగే నేసి పెడతాను.

నేను బాగానే ఉన్నాను.

మార్చి 26

మబ్బు కోసం వాన ఎందుకు ఆగాలి?

మార్చి 27

అక్క, డాక్టరమ్మ, పెద్దాయన. ముగ్గురూ ఒక్కటయ్యారు. తలుపు దగ్గర ముగ్గురూ నిలబడి

ఏప్రిల్ 17

ఆసుపత్రి నుంచి నిన్న వచ్చాను.

ముందుగా రాయవలసినది ఒకటుంది. చేరిన రోజునే రక్తం తీసి పరీక్షించారు. మందు ఉండవలసినంత ఉంది. డాక్టరమ్మ ఆ మాట నాకొక్కదానికే చెప్పబోతే ఆపి, అక్కను లోపలికి పిలవమన్నాను.

"ఇప్పుడు చెప్పండి."

"వీరు మందు మానలేదు," అంది డాక్టరమ్మ, అక్క వైపు తిరిగి. "క్రమం తప్పకుండా వాడినా బైపోలార్ ఒక్కోసారి ఇలా తిరగబెడుతుంది. వీరి తప్పేమీ లేదు."

"మళ్ళీ చెప్పండి."

ఆవిడ విసుక్కోలేదు. మళ్ళీ చెప్పింది. అక్క నా చెయ్యి పట్టుకోబోయింది. ఇవ్వలేదు. రెండో రోజు ఇచ్చాను.

ఇంటికొచ్చే దారిలో అక్క అసలు విషయం బయటపెట్టింది. నేత ఆలస్యమవుతుందని ఆర్కిటెక్టుకు తనే ఫోన్ చేసిందట. కారణం అడిగితే కారణం చెప్పిందట.

"ఇంకేం చెప్పమంటావే? జ్వరమని చెప్పనా మూడు వారాలు?"

"చెప్పాల్సింది."

"నాకు అబద్ధం రాదు, నీకు తెలుసుగా."

సబ్బు కోసం చూస్తున్నానన్న మనిషి.

ఏప్రిల్ 24

ఒక వరుస.

ఏప్రిల్ 25

లేదు.

ఏప్రిల్ 29

ఒక వరుస. వదులుగా వచ్చింది. విప్పి మళ్ళీ వేయాలి. వేయలేదు.

మే 3

లేదు.

మే 4

లేదు. కిటికీ తెర తీయలేదు. మార్చిలోని వెలుతురు ఇదే కిటికీలోంచి వచ్చిందా?

మే 11

పెద్దాయన వచ్చి ఎలా ఉన్నావని అడగలేదు. బుట్టలోంచి ఉన్ని తీసుకుని, నా పక్కన పీట వేసుకుని, కండెలకు చుట్టడం మొదలుపెట్టాడు. చాలాసేపటికి, "ఇది చల్లారిన పొయ్యా, స్టీలు గిన్నె అడుగా?" అన్నాడు.

"ఏడ్చి లేచిన కన్ను."

"ఓహో. మంచి రంగే కుదిరింది," అని మళ్ళీ చుట్టుకున్నాడు.

ఆయన చుట్టిన కండెలు వృథాగా పడి ఉంటాయని రెండు వరుసలు నేశాను. మబ్బు.

మే 27

ఆర్కిటెక్టు వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. మగ్గం చుట్టూ తిరిగాడు. కింది దుంగకు చుట్టుకుని ఉన్న నేత వైపు, మూసిన గది తలుపును చూసినట్టు చూశాడు.

"ఆరోగ్యం ఎలా ఉందండీ?"

"నేస్తున్నాను."

"మీ అక్కగారు చెప్పారు. చాలా బాధపడ్డాను." నిజంగానే బాధపడ్డాడు, మంచివాడు. "కాకపోతే నా ఇబ్బంది కూడా చూడండి. మార్చిలో మీరు నేసింది... అంటే, మీ పరిస్థితి అలా ఉన్నప్పుడు... ఒక్కసారి విప్పి చూస్తే నాకు ధైర్యం."

"విప్పితే బిగువు పోతుంది. ఇకపై నేసేదంతా పాడవుతుంది."

"తెలుసండీ. అందుకే ఇంకో ఆలోచన. వేరే నేతశాల ఒకటి ఉంది. మీరు గీసిన బొమ్మ ప్రకారమే, మీ పేరుతోనే, మిగతాది వాళ్ళు వచ్చి పూర్తి చేస్తారు. మీరు విశ్రాంతి తీసుకోవచ్చు."

విశ్రాంతి అనే మాట ఇంత మర్యాదగా మనిషిని బయటికి నెట్టగలదని నాకు తెలియదు.

"ఒంట్లో బాగాలేనప్పుడు నేసింది చూడకుండా ఎలా ఒప్పుకోను చెప్పండి?" అన్నాడు మళ్ళీ.

"ఒంట్లో బాగున్నప్పుడు నేసింది కూడా మీరు చూడలేదు. అప్పుడు ఒప్పుకున్నారు."

ఆయన మళ్ళీ దుంగ వైపు తిరిగాడు. నేనే చెప్పాను: ఆగస్టు నెలాఖరుకు ఆయన కళ్ళముందే కోసి దింపుతాను. నచ్చకపోతే తీసుకోనక్కరలేదు. అప్పటిదాకా ఈ మగ్గం మీద చెయ్యి వేసేది నేనే.

సరేనన్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "లోపల ఏముందో మీకు తెలుసు కదా?" అన్నాడు.

"ప్రతి పోగూ తెలుసు."

మే 28

తెలియదు.

పొడి ఆకాశం గుర్తుంది. మొదటి కప్పులు గుర్తున్నాయి. ఆ తరువాత, వేళ్ళు పరుగెత్తడం గుర్తుంది గాని అవి ఎటు పరుగెత్తాయో గుర్తులేదు. గీసిన బొమ్మ పడుగు వెనకే ఉండేది. నేను దానికేసి చూశానా?

జూన్ 15

రోజుకు వేలి వెడల్పంత నేస్తున్నాను. మబ్బు పూర్తయింది. అది పేలవంగా వచ్చిందనే అనుకుంటున్నాను. నేతలో నేనే లేను. రేపటి నుంచి కుండపోత.

ఈ రోజు కింది దుంగకున్న నేత చుట్ట మీద అరచెయ్యి ఉంచి ఆ చివర నుంచి ఈ చివర దాకా తడిమాను. విప్పలేదు, తడిమాను. ఒకచోట అంచు లోపలికి నొక్కుకుపోయి ఉంది. దాని మీది పొర బయటికి ఉబ్బి ఉంది.

నేతపని మొదటి వారంలోనే నేర్పేది ఇది: పేకను, అంటే అడ్డపోగును, విల్లులా వంచి వేసి, అప్పుడు దువ్వెనతో దించాలి. తిన్నగా లాగి వేస్తే అంచు లోపలికి పోతుంది. మరీ వంచితే బయటికి వస్తుంది. మార్చిలో లాగాను. మేలో వదిలేశాను. గోడకు ఎక్కితే అంచు పైనా కిందా పాములా మెలికలు తిరుగుతుంది. ఆర్కిటెక్టు గీసిన తిన్నని స్టేషన్ కప్పు కింద.

జూన్ 16

అక్కకు చెప్పాను.

"తడిపి, మేకులు కొట్టి లాగితే సరిపోదా? స్వెట్టరు ముడుచుకుపోతే నేను అలాగే చేస్తాను."

"కొంత సర్దుకుంటుంది."

"మరింకేం?"

"చెయ్యను."

"ఎందుకే?"

అప్పుడు కారణం చెప్పలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను. చిన్నప్పటి నుంచీ నన్ను తడిపి, మేకులు కొట్టి, లాగుతూనే ఉన్నారు. ప్రేమతోనే. నేనూ చాలాసార్లు లాగించుకున్నాను. ఈ బట్టనైనా వదిలేయండి.

జూలై 20

కుండపోత బాగా వస్తోంది. బరువైన కండెలతో నెమ్మదిగా, ప్రతి వరుసకూ వెనక్కి వంగి చూసుకుంటూ. మార్చిలో దీన్నే పిరికితనమని రాశాను. ఆ పేజీని చింపేద్దామని చెయ్యి వెళ్ళింది. చింపలేదు.

అక్క ఆదివారాలు వచ్చి నా పక్కనే కూర్చుంటోంది. స్నానాలగదిలోకి చేతులు కడుక్కోవడానికే వెళుతోంది. ఈ రోజు అడిగింది: "నిజం చెప్పు. నీ మనసు మార్చిలోలా పైకి ఎగిరినప్పుడు చేసిన పనే గొప్పగా ఉంటుందా? అందరూ అంటారుగా, కళాకారులకు అదే..."

"అందరూ అంటే ఎవరు?"

"మీ బావ."

"మీ ఆయనకు పోయినసారి కిడ్నీలో రాళ్ళు పడి నొప్పి వచ్చినప్పుడు ఆఫీసు లెక్కలు బాగా కుదిరాయా?"

నవ్వీ నవ్వీ చేతిలోని ఉన్ని ఉండ కింద పడేసింది. అది మగ్గం కిందికి దొర్లిపోతే ఇద్దరం నేల మీద పాకి వెతికాం.

ఆగస్టు 29

కోశాం.

ఉదయం పదికల్లా ఆర్కిటెక్టు వచ్చాడు. అక్క, పెద్దాయన అప్పటికే ఉన్నారు. బల్లలన్నీ గోడకు జరిపి నేల తుడిచాం. కత్తెర నేనే పట్టుకున్నాను. పడుగు పోగులు ఒక్కొక్క గుత్తే తెగుతుంటే మగ్గం వదులై ఊపిరి పీల్చుకున్నట్టు చప్పుడు చేసింది. చుట్టను నలుగురం మోసి, నేల మీద దొర్లిస్తూ విప్పాం.

చివర నేసింది ముందుగా బయటపడింది. కుండపోత. ఎలా వస్తుందనుకున్నానో అలాగే ఉంది. ఆర్కిటెక్టు తల పంకించాడు. తరువాత మబ్బు. అక్కడ అంచులు రెండు పక్కలా ఉబ్బి ఉన్నాయి. తరువాత మార్చి.

అందరికంటే ముందు నేనే వంగాను.

గీసిన బొమ్మనే నేశాను. కప్పులు కప్పుల్లాగే ఉన్నాయి. నేత అట్టలా బిగుసుకుపోయింది, అంచు నడుములా సన్నబడింది. అయితే చివరి మూడు ఇళ్ళ మీద వాన పడుతోంది. మబ్బు అక్కడికి ఇంకా రాలేదు. నిర్మలమైన ఆకాశంలోంచి, పావురం మెడ రంగులో, మూడే మూడు కప్పుల మీద వాన.

ఆర్కిటెక్టు వచ్చి నా పక్కన వంగాడు.

"మబ్బు లేకుండా వానేమిటండీ?" అన్నాడు.

"ఎండలో వాన ఎప్పుడూ చూడలేదా సార్?" అన్నాడు పెద్దాయన.

"చూశాను. గీసిన బొమ్మలో చూడలేదు."

"అది మీరు ఒప్పుకున్న బొమ్మలో లేదు," అన్నాను. "మార్చిలో నేశాను. బాగుందని వాదించను. అక్కడ నేత మరీ బిగువు, చేత్తో ముట్టుకుంటే తెలుస్తుంది. విప్పి మళ్ళీ నేయడం మాత్రం కుదరదు."

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని టేపు తీశాడు. నడుము దగ్గర కొలిచాడు, ఉబ్బు దగ్గర కొలిచాడు. తరువాత మబ్బున్న భాగం కింద చెయ్యి పెట్టి పైకెత్తి, కిటికీ వైపు పట్టుకున్నాడు. వదులు నేతలోంచి వెలుతురు అక్కడక్కడా జల్లెడలోంచి వచ్చినట్టు వచ్చింది.

"ఇది చూశారా? నిజంగా మబ్బే. ఇలా ఎలా నేశారు?"

నేను చూడలేదు. పేలవమని రాసి వదిలేసిన జానెడు.

"మే నెలలో నేశాను. కానీ దయచేసి ఆ నెల మంచిదని మాత్రం అనకండి. మబ్బు బాగుంటే మబ్బు బాగుందనండి."

"మబ్బు బాగుంది," అన్నాడు ఆయన, మెల్లగా.

టేపు చుట్టి లేచాడు. "అంచు మాత్రం కష్టమండీ. దాని పైన స్టేషన్ కప్పు గీత తిన్నగా ఉంటుంది. పక్కపక్కనే కొట్టొచ్చినట్టు కనబడుతుంది. చుట్టూ చెక్కపట్టీ ఒకటి బిగిస్తే అంచులు లోపలికి పోతాయి. ఎవరికీ తెలియదు."

"పట్టీ బిగిస్తే నేను ఇవ్వను."

"చెల్లీ," అంది అక్క.

"పట్టీ వేస్తే ఏం పోతుందండీ? బొమ్మంతా ఉంటుంది కదా?"

"తిన్నని గోడ కట్టడం మీ పని, బాగా కట్టారు. నేను తిన్నగా నేయలేదు. ఒక నెల లాగాను, ఒక నెల వదిలాను, మిగతా నెలలు కుదురుగా నేశాను. మొదటి రెండింటినీ దాచిపెట్టి మూడోదానికే చప్పట్లు కొట్టించుకోవడం నా వల్ల కాదు. వాటిని దాచిపెట్టే పని నేను చిన్నప్పటి నుంచీ చేస్తున్నాను. ఇకపై చెయ్యను. మీకు వద్దంటే నాకు కోపం లేదు. చుట్టి పక్కన పెట్టుకుంటాను."

కత్తెర ఇంకా నా చేతిలోనే ఉందని అప్పుడు చూసుకుని బల్ల మీద పెట్టాను.

ఆయన చాలాసేపు నేల మీది బొమ్మ వెంట నడిచాడు, కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి. రెండోసారి ఆ మూడు ఇళ్ళ దగ్గర ఆగాడు.

"కొక్కేలు తిన్నగా ఒక వరుసలో కొట్టిస్తే వేలాడదీసినప్పుడు ముడతలు పడతాయి," అన్నాడు. "అంచు ఎలా వంగితే అలా కొట్టించాలి. కాగితం మీద అంచు గీత తీసి ఇవ్వగలరా?"

అక్క ముక్కు చీదింది.

"ఒక మాట," అన్నాడు ఆయన మళ్ళీ. "పక్కన చిన్న బోర్డు పెడదామా? మీరు ఏ పరిస్థితిలో నేశారో రాస్తే చూసేవాళ్ళకు అర్థమవుతుంది. గౌరవంగానే రాయిస్తాను."

"ఉన్ని, నూలు, నా పేరు. అంతే రాయించండి."

"అంచు ఎందుకలా ఉందని అడిగితే?"

"నేసినప్పుడు అలా వచ్చిందని చెప్పండి."

సెప్టెంబర్ 12

స్టేషన్‌కు వెళ్ళి టికెట్ వరుసలో నిలబడ్డాను. ఎక్కడికీ వెళ్ళనక్కరలేకపోయినా వరుసలో నిలబడితేనే అది ఎలా కనిపిస్తుందో తెలుస్తుంది. అంచు వంకర నేననుకున్నదానికంటే ఎక్కువగా కనబడింది. ఆర్కిటెక్టు చెప్పింది నిజమే, కొట్టొచ్చినట్టుంది. నా ముందు ఇద్దరు తల ఎత్తి చూశారు. ఒకాయన గొడుగు తెచ్చుకోలేదని భార్యను విసుక్కున్నాడు. ఆవిడ, "బయట ఎండ మండిపోతోంది, మీకేం వచ్చింది?" అంది.

నా వంతు వచ్చింది. తరువాతి స్టేషన్‌కు టికెట్ తీసుకుని బయటికొచ్చాను.

సెప్టెంబర్ 20

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. మందు కొంచెం మార్చింది. మళ్ళీ రాదా అని అడిగాను. రాదని చెప్పలేనంది. రాదని అబద్ధం చెప్పనందుకు కృతజ్ఞతలు చెప్పాను.

అక్టోబర్ 3

కొత్త నేతకు పడుగు ఎక్కిస్తున్నాను. బొమ్మకు కావలసినదానికంటే రెండు పక్కలా జానెడేసి ఎక్కువ వెడల్పు. పెద్దాయన చూసి, "ఇంత వెడల్పు దేనికి అమ్మాయ్? బొమ్మ ఇంతే కదా?" అన్నాడు.

"నడుము సన్నబడితే చోటు కావాలి కదండీ."

ఆయన వంగి, ఆ చివరి పోగు బిగువు వేలితో చూసి, ఇంకొంచెం లాగమన్నాడు. లాగాను.